మే నెల మందు, పుష్యమాసపు జబ్బు

ధనుర్మాసం తెల్లవారుజామున కృష్ణ మీద లేచిన మంచు ముక్త్యాల వీధుల్లోకి పాకుతుంది. ఆ వేళప్పుడు పాత అంబాసిడర్‌నో, కార్బురేటర్ కాలపు మారుతి 800నో స్టార్ట్ చేసే తీరు ఈ మెట్టప్రాంతంలో ఎరగనివాళ్ళు తక్కువ. చోక్ పూర్తిగా లాగి సెల్ఫ్ కొడతారు. రెండుమూడు సార్లకు ఇంజన్ దగ్గుతూ అందుకుంటుంది. సైలెన్సర్ నుంచి నల్లపొగ, వెనకాలే పచ్చి పెట్రోలు వాసన. పది నిమిషాలు బండిని ఉన్నచోటే ఉంచి రేస్ చేస్తారు. తీరా బయల్దేరితే జగ్గయ్యపేట చేరేదాకా మిస్సింగ్ కొడుతూ, గేరు మార్చినప్పుడల్లా గుంజుతూ పోతుంది. చోక్ లోపలికి నెడితే ఆగిపోతానంటుంది, నెట్టకపోతే పొగ మానదు. చలికాలం గదా, పాత బండి గదా అని సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఇక్కడి చలికి ఇంజన్ పది కిలోమీటర్లు నడిచినా కాగలేదంటే తప్పు చలిది కాదు. ఎండాకాలంలో బండికి మనం చేయించిన వైద్యమే చలికాలంలో జబ్బుగా తిరిగొస్తోందని నా వాదన.

ముందు ఈ చలి ఎంతో చూద్దాం. జగ్గయ్యపేట, నందిగామ వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. మన ఒంటికి అది చలే. ఇంజన్‌కు మాత్రం అదొక లెక్కలోది కాదు. అంబాసిడర్ అసలు పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారునే హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ పేరుతో దింపింది. 2014 దాకా అక్కడే తయారైంది. చాలాకాలం దాన్ని లాగిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ కూడా ఇంగ్లండుదే. ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100కు మన రూపం. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోని మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్ జపాన్ సుజుకీది. మూడూ మంచు కురిసే దేశాల సరుకే. రాత్రంతా గడ్డకట్టే చలిలో ఉండి పొద్దున్నే పనిలోకి వెళ్ళేలా గీసిన ఇంజన్లు ముక్త్యాలలో 15 డిగ్రీలకు మొరాయించాయంటే, అక్కడ వాటికి ఉన్నదేదో ఇక్కడ లేకుండా పోయిందనే అనుమానించాలి.

పెట్రోలు మండుతుందని అంటాం గానీ మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. పైగా పెట్రోలు ఒక్క పదార్థం కాదు. 35 డిగ్రీల దగ్గరే మరిగే తేలిక భాగాలూ, 200 డిగ్రీల దాకా పోతేగానీ మరగని బరువు భాగాలూ అందులో కలిసే ఉంటాయి. కాగిన ఇంజన్‌లో ఇవన్నీ ఆవిరై, ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి చొప్పున బరువులో కలిసి శుభ్రంగా మండుతాయి. చల్లటి ఇంజన్‌లో తేలిక భాగమే ఆవిరవుతుంది. మిగతాది ఇన్‌టేక్ మానిఫోల్డ్ గోడలకు తడిగా అంటుకుపోతుంది. కార్బురేటర్ కొలిచి పంపిన పెట్రోలులో సిలిండర్‌కు అందే ఆవిరి సగమో పాతికో అయినప్పుడు ఇంజన్ మిస్సింగ్ కొట్టక ఏం చేస్తుంది? ఆ లోటు పూడ్చడానికే చోక్. మారుతి లాంటి బళ్ళలో అది గాలిదారికి అడ్డంగా మూసుకునే రేకు. అంబాసిడర్లలో కనిపించే ఎస్‌యూ కార్బురేటర్‌కు అలాంటి రేకు ఉండదు. చోక్ లాగితే జెట్టు కిందికి దిగి సూది చుట్టూ సందు పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. దారి వేరైనా పని ఒకటే: నాలుగింతలు పోస్తే అందులో ఆవిరయ్యే నాలుగో వంతయినా ఇంజన్‌కు సరిపోతుందన్న లెక్క.

పచ్చికట్టెల పొయ్యి అంటించడానికి కిరసనాయిలు చల్లుతాం. కట్టె అందుకున్నాక కూడా చల్లుతూనే కూర్చుంటే అది వంటయ్యే దారి కాదు. చోక్ కూడా అలాంటిదే, నిమిషమో రెండు నిమిషాలో వాడుకోవలసిన సాయం. అది పది నిమిషాలైతే ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీద నూనె పొరను కడిగేసి, రింగుల సందుల్లోంచి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌ను పల్చన చేస్తుంది. దానికి నీళ్ళు తోడవుతాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుందంటే చాలామంది నమ్మరు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది, రసాయనశాస్త్రం లెక్క అంతే. ఇంజన్ వేడిగా ఉంటే అది ఆవిరిగా సైలెన్సర్‌లోంచి పోతుంది. చల్లగా ఉంటే కొంత లోపలే చెమ్మగా దిగుతుంది. చలికాలంలో ఆయిల్ పోసే మూత తిప్పి లోపలివైపు చూడండి. పాలమీగడలా లేతపసుపు నురగ పట్టి ఉంటే నూనెలో నీళ్ళు కలిశాయన్నమాట. హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనని కంగారు పడేముందు, ఇంజన్ అసలు కాగుతోందా అని చూడాలి.

ఇంజన్ చల్లగా నడవడం ఎంత చేటో వాహనరంగం ఏనాడో తేల్చుకుంది. 1930లలో బ్రిటన్‌లో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంస్థ తరఫున సి.జి. విలియమ్స్ సిలిండర్ల అరుగుదల మీద వరుసగా ప్రయోగాలు చేశాడు. బోరు అరగడానికి రాపిడే కారణమని అప్పటిదాకా అనుకునేవారు. సిలిండర్ గోడ చల్లగా ఉన్నప్పుడు పొగలోని నీరు, ఆమ్లాలు దాని మీద చెమ్మగా దిగి లోహాన్ని తినేస్తున్నాయని, గోడ వేడెక్కితే అరుగుదల బాగా తగ్గిపోతుందని ఆయన ప్రయోగాలు చూపాయి. ఇప్పటి పెట్రోలులో అప్పటంత గంధకం లేదు కదా అని అడగవచ్చు. నిజమే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఇంధనం వచ్చాక గంధకం మిలియన్‌కు 10 పాళ్ళకు పడిపోయింది, ఆమ్లాల బెడద తగ్గింది. నీళ్ళు మాత్రం తగ్గలేదు, నూనెను కడిగేసే పచ్చి పెట్రోలూ తగ్గలేదు. ముక్త్యాల నుంచి జగ్గయ్యపేటకు పదిపన్నెండు కిలోమీటర్లు పోయి, ఇంజన్ ఆపి, చల్లారాక మళ్ళీ అంతే దూరం తిరిగొచ్చే బండి తన ఆయుష్షంతా ఈ చెమ్మలోనే గడుపుతుంది. రీబోరింగ్ కొచ్చిందంటే కిలోమీటర్లు ఎక్కువ తిరిగినందువల్లే అనుకోనక్కర్లేదు.

అందువల్ల చల్లటి ఇంజన్‌కు కావలసింది మరింత పెట్రోలు కాదు, పుట్టిన వేడి పోకుండా దాచుకోవడం. ఆ పని చేసేది థర్మోస్టాట్ వాల్వ్. ఇంజన్ నుంచి నీళ్ళు రేడియేటర్‌కు వెళ్ళే దారిలో, పై హోస్ తగిలే చోట, గుప్పిట్లో ఇమిడే చిన్న ఇత్తడి తలుపు ఇది. దాని మధ్యలోని డబ్బీలో మైనం ఉంటుంది. మైనం కరిగితే ఉబ్బుతుంది, ఉబ్బితే తలుపు తెరుచుకుంటుంది. కరెంటు లేదు, తీగ లేదు. దాని మీద 82 అని కొట్టి ఉంటే, నీళ్ళు 82 డిగ్రీలకు వచ్చేదాకా అది మూసుకునే ఉంటుంది. ఆలోపు ఇంజన్ చుట్టూ ఉన్న కొద్దిపాటి నీళ్ళు అక్కడక్కడే తిరుగుతూ చప్పున కాగుతాయి. కొన్ని ఇంజన్లలో ఇవే నీళ్ళు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను కూడా వెచ్చబెడతాయి, దాంతో గోడలకు అంటుకున్న పెట్రోలు ఆవిరై చోక్ అవసరం తీరిపోతుంది. ఆ తలుపు లేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచే నీళ్ళన్నీ రేడియేటర్‌లోకి పోయి, ఎదురుగాలికి చల్లబడి తిరిగొస్తుంటాయి. కిటికీలన్నీ తెరిచిపెట్టి చలి కాచుకోవడానికి కుంపటి రాజేసినట్టే ఉంటుంది వ్యవహారం.

మన వైపు పాత బళ్ళలో చాలావాటికి ఆ తలుపు ఉండదు. పోయింది కాదు, తీయించింది. మెకానిక్ షెడ్లలో ఇది రహస్యమేమీ కాదు. మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండలో హైదరాబాదు రోడ్డు మీద బండి కాగి, రేడియేటర్ మూతలోంచి ఆవిరి కొడుతుంది. షెడ్డుకు తెస్తే థర్మోస్టాట్ పీకి పక్కన పడేసి, ఖాళీ హౌసింగ్ మళ్ళీ బిగించి పంపిస్తారు. నీళ్ళకు అడ్డం తీసేశాం, ఇక కాగదు అని భరోసా. కొన్నాళ్ళు కాగదు కూడా. దాంతో ఆ వైద్యానికి పేరొచ్చింది. ఒకరి బండికి చేసింది చూసి ఇంకొకరు, కొత్త బండికి ముందుజాగ్రత్తగా మరొకరు చేయించారు. పీకేసిన చోట మళ్ళీ పెట్టాలన్న తలంపు మాత్రం ఎవరికీ రాలేదు.

అసలు ఆ బళ్ళు ఎందుకు కాగాయన్న ప్రశ్నకు జవాబు ఈ నేలలోనే ఉంది. జగ్గయ్యపేట ప్రాంతం సున్నపురాయి మీద నిలబడి ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన జగ్గయ్యపేట బౌద్ధస్తూపానికి పరిచినవి ఆ పల్నాటి సున్నపురాతి పలకలే. ఇప్పుడు జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది కూడా ఆ రాయి కోసమే. అలాంటి రాతిపొరల్లోంచి తోడిన నీళ్ళలో సున్నం కరిగి ఉండటంలో వింతేమీ లేదు. కాచిన గిన్నె అడుగున తెల్లగా పట్టే గార అదే. నీళ్ళు ఎంత కాగితే అంతగా ఆ సున్నం విడిపోయి గట్టిపడుతుంది. రేడియేటర్‌లో బోరునీళ్ళు పోసినప్పుడు జరిగేదీ అదే. సన్నటి గొట్టాల లోపల, సిలిండర్ల చుట్టూ ఉన్న నీటిసందుల్లో గార పేరుకుంటుంది. ఆ గార వేడిని దాటనిచ్చే తీరు రాగితో పోలిస్తే వంద రెట్లకు పైగా తక్కువ. నీళ్ళు తగ్గాయని మళ్ళీ చెంబెడు బోరునీళ్ళు పోసిన ప్రతిసారీ కొత్త సున్నం పోసినట్టే లెక్క. నాలుగేళ్ళు గడిచేసరికి రేడియేటర్ సగం మూసుకుపోతుంది, బండి కాగుతుంది. తప్పు గారది, శిక్ష థర్మోస్టాట్‌కు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

అయినా తీసేశాక బండి చల్లబడిందిగా, అనుభవం అబద్ధమాడుతుందా అన్నది మొదటి అభ్యంతరం. అనుభవం అబద్ధం కాదు, దానికి చెప్పుకున్న అర్థం తప్పు. 82 డిగ్రీలకు కదిలే థర్మోస్టాట్ 95 ప్రాంతానికి పూర్తిగా తెరుచుకుంటుంది. అంతకుమించి ఇంజన్ కాగుతోందంటే తలుపు అప్పటికే బార్లా తెరిచి ఉందని అర్థం. ఇక ఆపైన వేడి తగ్గించే శక్తి రేడియేటర్‌ది, ఫ్యాన్‌ది, వాటర్‌పంపుది. థర్మోస్టాట్ చేతిలో ఉన్నది ఇంజన్ ఎంతకన్నా చల్లబడకూడదన్న హద్దు. ఎంతకన్నా కాగకూడదన్న హద్దు రేడియేటర్‌ది. మొదటిది చెరిపేస్తే రెండోది బాగుపడదు. మరి కొన్నాళ్ళయినా ఉపశమనం ఎందుకు కలిగింది? కొన్ని బళ్ళలో వాల్వ్ నిజంగానే బిగుసుకుపోయి ఉంటుంది, వాటికి కొత్తది వేస్తే సరిపోయేది. మిగతావాటిలో దారి కాస్త విశాలమై, సగం పూడిన రేడియేటర్ చేసే కొద్దిపాటి పని ఇంకాస్త ముందునుంచి మొదలైంది, అంతే. గార మరింత పేరుకున్నాక అదే బండి థర్మోస్టాట్ లేకుండానే మళ్ళీ కాగుతుంది. అప్పుడు పీకడానికి ఇంకేమీ మిగలదు.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. ఆ వాల్వ్ మూసుకుపోయి బిగుసుకుంటే దారి మధ్యలో ఇంజన్ సీజ్ అవుతుంది, చలికాలపు మిస్సింగ్ కన్నా అది పెద్ద నష్టం కాదా అని. నిజంగానే పెద్ద నష్టం. అందుకే వాల్వ్‌ను నమ్మకం మీద కాక పరీక్ష మీద వేయించుకోవాలి. పరీక్షకు కావలసింది వంటిల్లే. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, అడుగు తగలకుండా ముంచి, పక్కన వేడి కొలిచే థర్మామీటర్ ఉంచి పొయ్యి మీద పెట్టాలి. ఎనభై దాటుతుండగా తలుపు సన్నగా విచ్చుకోవడం కంటికి కనిపిస్తుంది. నీళ్ళు మరిగేసరికి పూర్తిగా తెరుచుకోవాలి. దించి చల్లారిస్తే సందు లేకుండా మూసుకోవాలి. ఈ రెండింటిలో ఏది జరగకపోయినా పారేయాలి. కొత్తదానికీ ఈ పరీక్ష చేయడం మంచిది. వేసేటప్పుడు అంచున ఉన్న చిన్న రంధ్రం పైకి ఉండేలా చూడాలి, లోపల చిక్కిన గాలి అందులోంచి పోతుంది. టెంపరేచర్ ముల్లు పనిచేయకపోతే ముందు దాన్ని బాగుచేయించాలి. అది చచ్చిన బండిని థర్మోస్టాట్ ఉన్నా లేకపోయినా నమ్మడానికి లేదు.

మూడో అభ్యంతరం అలవాటు నుంచి వచ్చేది. పది నిమిషాలు ఉన్నచోటే రేస్ చేస్తే ఇంజన్ కాగుతుంది కదా, వాల్వ్ దేనికి అంటారు. బరువు లాగని ఇంజన్ తక్కువ పెట్రోలు తాగుతుంది, తక్కువ వేడే పుట్టిస్తుంది. చోక్ లాగి ఉంచితే తాగే పెట్రోలు పెరుగుతుంది గానీ అందులో చాలాభాగం మండకుండానే నల్లపొగగా, నూనెలో కల్తీగా పోతుంది. అంటే ఇంజన్‌కు అత్యంత చేటు చేసే స్థితిని మనమే పది నిమిషాలు పొడిగిస్తున్నాం. బరువు మీద నడిచినప్పుడే వేడి త్వరగా పుడుతుంది. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పైకి ఎక్కడానికి అరనిమిషం, నిమిషం ఆగితే చాలు. ఆపైన మొదటి రెండుమూడు కిలోమీటర్లు యాక్సిలరేటర్ మీద మెత్తటి కాలితో, ఇంజన్‌ను ఏడిపించని గేరులో నడుపుతూ, చోక్‌ను ఒక్కసారి కాకుండా అంగుళం అంగుళం లోపలికి నెడుతూ పోవాలి. థర్మోస్టాట్ ఉన్న బండి దీనికి వెంటనే దారికొస్తుంది. లేని బండి రాదు. ఆ తేడాయే నా వాదనకు సాక్ష్యం.

ఈ మధ్య కొత్తగా వినిపిస్తున్న మాట ఇథనాల్. ఇదంతా పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ వల్లేనని, వాల్వుల వల్ల కాదని. ఇందులో సగం నిజం ఉంది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా రెండున్నర రెట్ల వేడి లాక్కుంటుంది. దానికి కావలసిన గాలి కూడా తక్కువ, బరువులో ఒకటికి తొమ్మిది పాళ్ళే. 14.7 లెక్కన కుదిర్చిన పాత జెట్టులోంచి ఈ ఇంధనం వస్తే మిశ్రమం దాదాపు ఎనిమిది శాతం పల్చబడుతుంది. 2000 ప్రాంతంలో వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళు పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి తమను తామే సర్దుకోగలవు. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. కాబట్టి చలి పొద్దుల్లో పాత బండి ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువ తిప్పలు పెడుతున్నమాట వాస్తవం. జెట్టు, సూది తెలిసినవాళ్ళ చేత కాస్త సర్దించుకోవాలి, పాత రబ్బరు పైపులు మార్పించుకోవాలి. అయితే ఈ వాదన చివరికి ఎటు పోతుందో గమనించండి. ఇంధనం ఎక్కువ వేడి అడుగుతోందంటే, ఉన్న వేడిని పారబోసుకోకుండా చూసుకోవలసిన అవసరం పెరిగిందనే కదా. ఇథనాల్ వచ్చాక థర్మోస్టాట్ అక్కర మరింత పెరిగింది.

ఏటిగట్టు ఊళ్ళకు ఇంకో చిక్కు ఉంది, గాలిలోని తేమ. కార్బురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. గాలి ఇరవై డిగ్రీల లోపు ఉండి, తేమ ఎనభై శాతం దాటినప్పుడు ఆ గొంతులో మంచు పట్టే అవకాశం ఎక్కువని చిన్న విమానాలు నడిపేవాళ్ళకు మొదట్లోనే నేర్పుతారు. మంచు కమ్మిన ముక్త్యాల పొద్దు అచ్చం ఆ కొలతలోకే వస్తుంది. కారులో మానిఫోల్డ్ వెచ్చబడితే ఆ బెడద చప్పున తీరుతుంది. కొన్ని పాత కార్ల ఎయిర్ క్లీనర్‌కు వేసవి, చలికాలం అని రెండు స్థానాలు ఇచ్చింది ఇందుకే. రెండో స్థానంలో అది సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కనుంచి వెచ్చటి గాలి పీలుస్తుంది. ఆ మీట ఏ ఏటికి ఆ ఏడు వేసవి వైపే ఉండిపోతుంది, లేదా వెచ్చటి గాలి తెచ్చే గొట్టం ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

పనికి వరస ముఖ్యం. ముందు రేడియేటర్ విప్పించి గార వదిలేలా శుభ్రం చేయించాలి. గార అలాగే ఉంచి థర్మోస్టాట్ ఒక్కటే బిగిస్తే మే నెలలో బండి మళ్ళీ కాగుతుంది, నింద మళ్ళీ వాల్వ్ మీదే పడుతుంది. శుభ్రమయ్యాక బోరునీళ్ళు మాని, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్, సరిపడా కూలెంట్ కలిపి పోయాలి. ఆ తర్వాతే పరీక్షించిన థర్మోస్టాట్, కొత్త గ్యాస్కెట్. చివరికి చోక్ కేబుల్. పూర్తిగా లాగితే పూర్తిగా రావాలి, నెడితే పూర్తిగా వెనక్కి పోవాలి. తుప్పు పట్టి సగంలో ఆగే కేబుల్ ఏడాది పొడుగునా పెట్రోలు తాగిస్తుంది. ఇవేవీ దొరకని సామాన్లు కావు. జగ్గయ్యపేటలో లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లో అడగవచ్చు.

మీ బండికి థర్మోస్టాట్ ఉందో లేదో తెలుసుకోవడానికి షెడ్డుకు పోనక్కర్లేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు దూరంగా, రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి ఆనించండి. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచే అది మెల్లమెల్లగా గోరువెచ్చన అవుతూ వస్తే లోపల తలుపు లేదు, లేదా తెరుచుకుని బిగుసుకుపోయింది. కొన్ని నిమిషాలపాటు చల్లగానే ఉండి, ఉన్నట్టుండి చెయ్యి తీసేయాల్సినంత వేడెక్కితే తలుపు ఉంది, పనిచేస్తోంది. ఆ బండి చోక్‌ను రాళ్ళు తేలిన ఊరిదారి దాటేలోపే లోపలికి నెట్టేయవచ్చు.